వాయోలా పక్కన గెంతినవాళ్లు

ఆ ఏడు మా వాయోలా చేతులు అదుపు తప్పినప్పుడు మొదటి తిట్లు పడింది నాకే.

వాయోలా మా అన్నయ్య కూతురు. అప్పటికి పదకొండో ఏడు నడుస్తోంది. ఉన్నట్టుండి ఆ పిల్లకి ఏమైందో ఏమో, కోకో గిన్నె చేతికిస్తే సగం చాప మీదే ఒలికేది. పలకరిస్తే మూతి ఒక పక్కకి పోయేది, కనుబొమలు తమంతట తాము లేచేవి. కుదురుగా కూర్చున్నదల్లా భుజం ఎగరేసేది, కాలు విసిరేది. మా అమ్మ మాతాలేనా కొన్నాళ్లు ఓపిక పట్టింది. తర్వాత ఈనెల చీపురు తీసుకుని, పిల్ల దగ్గరికి కాదు, నేరుగా నా మీదికి వచ్చింది.

"నువ్వేరా యాకొపో దీన్ని పాడుచేసింది! పొద్దస్తమానం నీ కోతి వేషాలు చూసి ఆడపిల్ల అవే పట్టుకుంది!"

అమ్మ అనుమానం మరీ అన్యాయమేం కాదు. మా ఊళ్లో కోతి వేషాలకి నన్ను మించినవాడు లేడు. నా బతుకుతెరువు బస్సు. మా దీవి దక్షిణపు ఒడ్డు నుంచి కొండ దాటి రాజధాని ఆపియా బజారు దాకా నడుపుతాను. కానీ నా పేరు పది ఊళ్లకి పాకింది మాత్రం ఆయులి వల్ల. మాలో ఏ పెద్ద సంబరమైనా చివరికి తావలుంగా నాట్యంతో ముగియాలి. ఇంటిపెద్ద కూతురు ఈకలూ గవ్వలూ కూర్చిన ఎత్తు కిరీటం పెట్టుకుని, ఒంటినిండా కొబ్బరినూనె మెరుస్తుండగా, నడిమధ్య నిలబడి నీళ్లలో నాచు కదిలినంత నెమ్మదిగా చేతులు కదుపుతుంది. ఆమె చుట్టూ మాలాంటివాళ్లం కేకలు పెడతాం, గెంతుతాం, నేలమీద దొర్లుతాం, స్తంభాలెక్కుతాం. అదే ఆయులి. పక్కన అంత వెర్రి ఉంటేనే మధ్యలో అంత అందం కంటికి ఆనుతుంది. పసిపిల్ల బుగ్గన పెట్టే దిష్టిచుక్క ఎలాగో మేమూ అలాగే. మేం ఎంత సిగ్గు విడిచి గెంతితే ఆ పిల్లకి అంత మర్యాద.

ఆ ఏడు మా ఊరి చర్చికి కొత్త హాలు లేస్తోంది. దాని ప్రారంభం నాడు తావలుంగా చెయ్యాల్సింది వాయోలా. మా వంశంలో పెద్దరికం అన్నయ్యది, అన్నయ్యకి ఉన్న ఒక్కగానొక్క ఆడపిల్ల అది. ఒకప్పుడు ఊరి సంబరాలన్నిటికీ మధ్యలో నిలబడినది మా అమ్మే కాబట్టి, మనవరాలికి పాలపళ్లు ఊడకముందు నుంచీ వేలు వేలూ దిద్ది నేర్పింది. వాయోలాకీ వేరే ఆశ లేదు. హాలు పైకప్పు ఎంతదాకా వచ్చిందో రోజూ బడి నుంచి వస్తూ చూసొచ్చి మాకు చెప్పేది.

చీపురు దెబ్బలు రెండు తిని, మిగతావి తప్పించుకుని నేను సీమపనస చెట్టు చాటుకి వెళితే, అక్కడ వాయోలా ముందే కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బిపోయాయి.

"ఏమే, నా వేషాలు నువ్వు కాజేశావంట?" అన్నాను.

"నేను చెయ్యట్లేదు బాబాయ్," అంది. మాట ముద్దగా వచ్చింది, నాలుక మడత పడినట్టు. "అవే చేస్తున్నాయి. ఆపుదామంటే ఇంకా ఎక్కువ చేస్తున్నాయి."

నాకు నవ్వు ఎగిరిపోయింది. చేతులు పట్టుకుని చూశాను. నా గుప్పిట్లో ఆ చిన్న చేతులు వలలో పడ్డ చేపపిల్లల్లా కొట్టుకుంటున్నాయి. పిల్లని తీసుకెళ్లి అమ్మ ముందు కూర్చోబెట్టి, "చీపురు అవతల పారేయ్, నూనె తీసుకురా," అన్నాను.

అమ్మ నూనె రాసి, భుజాల నుంచి వేళ్లదాకా మర్దన చేసింది. వాయోలా ఆ మర్దనకే నిద్రపోయింది. నిద్రలో మాత్రం చేతులు రెండూ బుద్ధిగా పడి ఉన్నాయి. లేచిందో లేదో మళ్లీ మొదలు. అమ్మ నూనె గిన్నె పక్కన పెట్టి, "ఇది నా చేతికి లొంగే జబ్బు కాదు. రేపు నీ బస్సులో మాకు చోటుంచు," అంది.

మా బస్సుల్లో చోటు ఉంచడమంటూ ఉండదు. సీట్లు నిండితే ఒకరి ఒళ్లో ఒకరు కూర్చోవడమే. వాయోలా అమ్మ ఒళ్లో కూర్చుంది. దాని కాలు విసిరినప్పుడల్లా ఎదుటి సీట్లో చర్చిపెద్ద వీపుకి తగులుతోంది. ఆయన మూడు మలుపులు ఓర్చుకుని వెనక్కి తిరిగాడు.

"మాతాలేనా, నీ మనవరాలు నన్ను గాడిదనుకుంటోందా ఏం?"

"పిల్లకి ఒంట్లో బాలేదు. నీ వీపేం అరిగిపోదు, తిరిగి కూర్చో," అంది అమ్మ. బస్సంతా నవ్వింది. కొండ దిగేసరికి ఆ చర్చిపెద్దే వాయోలా కాళ్లు తన ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

పెద్దాసుపత్రిలో మమ్మల్ని చూసింది డాక్టర్ మలియా. మా మనిషే, పక్క దీవి పిల్ల, న్యూజిలాండులో చదువుకుని వచ్చింది. వాయోలాని తన రెండు వేళ్లూ గట్టిగా పట్టుకొమ్మంది. పట్టు బిగుస్తోంది, సడలుతోంది, బిగుస్తోంది, ఆవు పాలు పితికినట్టు. నాలుక బయటపెట్టి ఉంచమంది. నాలుక బయటికి రావడం, లోపలికి పారిపోవడం. గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది.

"ఈమధ్య గొంతునొప్పి వచ్చిందా?"

"వచ్చింది, పోయింది. ఎప్పటి మాటో," అంది అమ్మ.

"అదే మూలం దీనికి. ఆ గొంతునొప్పి నుంచే రుమాటిక్ జ్వరం వస్తుంది. కీళ్లకి పాకుతుంది, గుండెకి పాకుతుంది. కొందరు పిల్లల్లో మెదడులో కదలికల్ని చూసుకునే చోటికి పోతుంది. పిల్ల కావాలని చేస్తున్నదేం కాదు. ఎవరైనా కొట్టారా?"

"కొట్టింది వీణ్ణి," అని అమ్మ నన్ను చూపించింది.

గుండెలో చిన్న చప్పుడు ఉందనీ, అది ముదరకుండా నెలనెలా సూది తప్పదనీ డాక్టరు చెప్పింది. చేతుల జబ్బు మాత్రం మెల్లగా దానంతట అదే పోతుందట, కొన్ని నెలలు పడుతుందట.

"నెలలా?" వాయోలా లేచి నిలబడింది. "పైకప్పు అయిపోయింది డాక్టర్! ఇంక కిటికీలే మిగిలాయి!"

నేను హాలు సంగతి చెప్పాల్సి వచ్చింది. అంతా విని డాక్టరు కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"స్టెరాయిడ్ అని ఒక మందుంది. అది వాడితే ఈ జబ్బు తొందరగా తగ్గుతుందని మాలో కొందరి నమ్మకం. నమ్మకమే గానీ గట్టిగా తేల్చినవాళ్లు తక్కువ. అది తేల్చడానికే మేమిక్కడ ఒక పరీక్ష మొదలుపెట్టాం. చేరిన పిల్లల్లో సగం మందికి అసలు మందు, సగం మందికి అచ్చు అలాగే ఉండే ఉత్త బిళ్ల. ఎవరికి ఏది పడిందో నాక్కూడా తెలీదు."

అమ్మ కళ్లు చిట్లించింది. "మీకూ తెలీదా? అంత చదువుకుని?"

"తెలుసుకోకూడదు మామ్మగారూ. తెలిస్తే నా కళ్లే నన్ను మోసం చేస్తాయి. మందు పడ్డ పిల్ల బాగైనట్టే కనిపిస్తుంది."

"పోనీ రెండు రకాల బిళ్లలూ కలిపేసి పిల్లలందరికీ సమానంగా పంచేస్తే పోదూ? ఒక పిల్లకి చేప పెట్టి, ఇంకో పిల్లకి ముల్లు పెట్టడం మా ఇళ్లలో లేదు తల్లీ."

డాక్టరు చేతులు జోడించినంత పని చేసింది. "మామ్మగారూ, మీకు దణ్ణం పెడతాను, ఒక్క బిళ్ల కూడా ఎవరికీ పంచొద్దు. పంచితే ఎవరికి ఏం పనిచేసిందో ఎప్పటికీ తేలదు. ఈ పిల్ల తర్వాత ఇంకో పిల్ల వస్తుంది. అప్పుడు ఆ పిల్లకి ఏమివ్వాలో నేను తడుముకోకూడదు."

అమ్మ ఆలోచించింది. తర్వాత వాయోలా వైపు తిరిగి, "ఒళ్లు నీది. నువ్వేమంటావ్?" అంది.

వాయోలా కనుబొమలు పైకెత్తింది. మాలో కనుబొమలెత్తితే సరేనని. కానీ ఆ పిల్ల కనుబొమలు వారం రోజులుగా ఊరికే లేస్తూనే ఉన్నాయాయె. అది సరేననడమో, జబ్బో తెలియక ముగ్గురం దాని మొహంలోకి చూస్తూ ఉండిపోయాం.

"సరేననే అంటున్నాను!" అని అరిచింది వాయోలా. డాక్టరు నవ్వు ఆపుకోలేక బల్ల మీద తల పెట్టేసింది.

అలా మా ఇంట్లోకి ఆ సీసా వచ్చింది. అమ్మ దాన్ని బైబిలు పక్కన పెట్టింది, కాపలాకి తను పక్కన పడుకుంది. కొన్నాళ్లు ఏ మార్పూ లేదు. తర్వాత, అసలు మందైతే పెరుగుతుందని డాక్టరు ముందే చెప్పిన ఆకలి మొదలైంది.

అది ఆకలి కాదు, తుఫాను. వాయోలా పొద్దున్నే చేమదుంపలు ఒక బుట్ట ఖాళీ చేసేది. కొబ్బరిపాలలో వండిన చేమాకు మా వదిన పొయ్యి మీద నుంచి దించితే గిన్నె నేల తాకేది కాదు. ఒకరోజు బస్సులో పక్కావిడ బుట్టలోని గారెలన్నీ నమిలేసి, ఆవిడ దిగబోతుంటే, "ఇంకా ఉన్నాయా?" అని అడిగింది. బుగ్గలు గుండ్రంగా తేలాయి. మా ఊళ్లో పిల్ల తినడం కన్నా సంతోషం ఏముంటుంది? ఇరుగుపొరుగువాళ్లు గిన్నెలు పట్టుకొచ్చి మరీ తినిపించి, ముచ్చట చూసిపోయేవాళ్లు.

"మనకి పడింది చేపేరా, ముల్లు కాదు!" అని అమ్మ ఊరంతా చాటింది. ఆమె చెప్పింది నిజమేనని ఏడాది తర్వాత డాక్టరే చెప్పింది. అప్పటికి మాత్రం అదంతా అమ్మ జోస్యమే.

మళ్లీ ఆసుపత్రికి వెళ్లినప్పుడు గదిలో అడుగుపెడుతూనే అమ్మ నోరు తెరిచింది. "డాక్టరమ్మా, మా పిల్ల తిండి చూడాలి నువ్వు..."

డాక్టరు రెండు చెవులూ మూసుకుంది. "చెప్పొద్దు! చెప్పొద్దు మామ్మగారూ! తిండీ తిప్పలూ అన్నీ పక్కగదిలో నర్సుకి చెప్పండి. నేను చేతులు చూసి మార్కులు వేసేదాన్ని. నాకేం తెలియకూడదు."

అమ్మకి కడుపుబ్బిపోయింది. చెప్పాల్సిన కబురు ఉండీ చెప్పకూడదంటే ఆమె ప్రాణానికి అంతకంటే శిక్ష లేదు. పక్కగదిలో నర్సుకి చెప్పింది, బయట బల్ల మీద కూర్చున్నవాళ్లకి చెప్పింది, చివరికి గేటు దగ్గర పచ్చికొబ్బరికాయలు అమ్మేవాడికి కూడా చెప్పింది.

వాయోలా మాట తేటపడింది. మొహం కుదుటపడింది. ఒక మధ్యాహ్నం కోకో గిన్నె రెండు చేతులా పట్టుకుని, చుక్క ఒలక్కుండా తాగి, ఖాళీ గిన్నె మా అందరికీ తిప్పి చూపించింది. మా వదిన వంటపాకలోకి పోయి ఏడ్చింది. ఊరి పెద్దమనిషైన మా అన్నయ్య గిన్నె అందుకుని ఏదో చూస్తున్నట్టు చాలాసేపు అందులోకే చూశాడు. అమ్మ మాత్రం వెంటనే, "లే, నిలబడు. చేతులు ఎత్తు," అని పాఠం మొదలెట్టేసింది.

కుడిచెయ్యి పాత చెయ్యే అయింది. ఎడమచేతికే కొంచెం పొగరు మిగిలింది. మామూలప్పుడు బాగానే ఉండేది. నలుగురు చూస్తే చాలు, ఉలిక్కిపడినట్టు ఎగిరేది. బిళ్లలు కొద్దికొద్దిగా తగ్గిస్తున్న రోజులవి. కంగారు పడితే జబ్బు తోక ఊపుతుందని డాక్టరు ముందే చెప్పింది. ప్రారంభం నాడు చూడబోతే నాలుగూళ్ల జనం.

అందుకే ఆ వారం ఇంట్లో పెద్దవాళ్లం కూర్చున్నాం. అన్నయ్య గొంతు సవరించుకున్నాడు.

"పిల్ల చేస్తానంటోంది, చెయ్యనిద్దాం. కానీ ఈసారి ఆయులి వద్దు. ఎవరూ గెంతొద్దు, అరవొద్దు. దాని చెయ్యి ఎగిరినప్పుడు పక్కన మనమూ చేతులెగరేస్తే, చూసేవాళ్లు ఏమనుకుంటారు? సొంతవాళ్లే వెక్కిరిస్తున్నారనుకోరూ?"

"నిజమే," అంది అమ్మ. "ఒక్కడు అలా అనుకున్నా నేను తట్టుకోలేను. అందరూ మర్యాదగా కూర్చోండి. ముఖ్యంగా నువ్వు."

ఆ ముఖ్యంగా అన్నది నన్నే. నేను తలూపాను. నాకూ అదే సబబనిపించింది. దాని మీద ప్రేమ కొద్దీ మాట్లాడుకున్నాం గనక, ఆ పిల్లని ఒక్క మాట అడగాలని ఎవరికీ తోచలేదు.

ప్రారంభం నాడు పందులు కాల్చారు, కానుకలుగా సన్నచాపలు పంచారు, పాస్టరుగారు దేవుడికి హాలు కొలతలన్నీ వినిపించినంత పొడుగు ప్రార్థన చేశారు. డాక్టర్ మలియాని కూడా పిలిచాం. పువ్వు చెవిలో పెట్టుకుని వచ్చి గోడ పక్కన కూర్చుంది. ఆఖర్న పాట ఎత్తుకున్నారు, చాప చుట్ట మీద కర్రలతో తాళం మొదలైంది. వాయోలా వచ్చింది.

నిజం చెబుతున్నాను, అంత అందమైన పిల్లని నేను చూడలేదు. గుండ్రటి బుగ్గలు, నూనె మెరుపు, తలమీద ఆ బరువైన కిరీటం. మోకాళ్లు కొంచెం వంచి చేతులు విప్పింది. మేమంతా గుడిలో ఉన్నంత బుద్ధిగా కూర్చున్నాం. నేను తలుపు దగ్గర కానుకల పళ్లెం పట్టుకుని నిలబడ్డాను.

రెండు చరణాలు బ్రహ్మాండంగా నడిచాయి. మూడో దాంట్లో ఎడమచెయ్యి ఎగిరింది.

అంత నిశ్శబ్దంలో దానికి దాక్కునే చోటు లేకపోయింది. హాలు హాలంతా చూసింది, చూసి మర్యాదగా తల వంచుకుంది. ఇంకోసారి ఎగిరింది. కిరీటం ఒక పక్కకి ఒరిగింది. పాడేవాళ్లు జాలితో గొంతు తగ్గించారు. జాలి ఎంత పాపిష్టిదో నాకు అప్పుడే తెలిసింది. గొంతు తగ్గేకొద్దీ ఆ పిల్ల ఇంకా ఒంటరిదైపోయింది.

వాయోలా ఆగిపోయింది. తావలుంగా మధ్యలో ఆగిపోవడం మా ఊరు పుట్టాక లేదు. పాట ఒక్కొక్క గొంతుగా తెగిపోయింది. ఆ పిల్ల నేరుగా నన్ను చూసింది.

"బాబాయ్! పాస్టరుగారి అమ్మాయి చేసినప్పుడు స్తంభం ఎక్కావు. లోసా అత్త చేసినప్పుడు లుంగీ ఊడేదాకా గెంతావు. నేను చేస్తే పళ్లెం పట్టుకుని నిలబడతావా?"

"అది కాదమ్మా... నీ చెయ్యి... అందరూ ఏమనుకుంటారోనని..."

"నా చెయ్యి సంగతి నాకు తెలుసు!" ఒరిగిన కిరీటం ఒక చేత్తో పట్టుకుంది. "నా పక్కన ఒక్కళ్లూ లేరు. నేనంటే ఎవరికీ లెక్కలేదా? ఇంత చిన్నతనం ఎవరికైనా చేశారా మీరు?"

ఇంతలో పెద్దావిడల వరసలోంచి ఆయులిలో పెట్టే కేక ఒకటి లేచింది.

"చీ... హూ!"

మా అమ్మ. అరిగిపోయిన మోకాళ్లు, డెబ్బై దాటిన వయసు, తెల్లటి చర్చి గౌను. పుట్టి బుద్ధెరిగి ఎప్పుడూ మధ్యలో నిలబడ్డ మనిషే గానీ పక్కన గెంతిన మనిషి కాదు. అందుకే ఆమెకి గెంతడం అస్సలు రాదు. కోడి రెక్కలు కొట్టుకున్నట్టు మోచేతులు ఆడించింది, తాళానికి ఒక అడుగు ముందు, రెండడుగులు వెనక. టోపీ ఎగిరి పాస్టరుగారి ఒళ్లో పడింది. వాయోలా ముందు చాప మీద దబ్బున కూలబడి, రెండు చేతులా నేలని బాదుతూ, "చూడండర్రా నా తల్లిని! చూడండి!" అని అరిచింది.

నా పళ్లెం ఎటు పోయిందో నాకు తెలీదు. స్తంభం మీద సగంలో ఉండగా కిందికి చూస్తే, అన్నయ్య లుంగీ ఎగ్గట్టి మొక్కజొన్న పేలాల్లా ఎగురుతున్నాడు. చర్చిపెద్ద దొర్లుతున్నాడు. మా వదిన గరిటె తిప్పుతూ పొయ్యి దగ్గర నుంచే గెంతుకుంటూ వచ్చింది. నాలుగూళ్ల జనం లేచారు. కొత్త హాలు నేల అదిరిపోయింది. పాడేవాళ్ల గొంతులు పైకప్పుకి తగిలాయి.

మధ్యలో వాయోలా కిరీటం సర్దుకుంది, చేతులు విప్పింది. ఎడమచెయ్యి ఎగిరింది, తప్పకుండా ఎగిరే ఉంటుంది. మా తుఫానులో దాన్ని ఎవరు చూశారు? అంత హాల్లో అందరికంటే నెమ్మదిగా కదిలిన చేతులు ఆ పిల్లవే. పాట చివర్న తల వంచి అందరికీ దణ్ణం పెట్టేదాకా అది నవ్వుతూనే ఉంది. నేను స్తంభం కౌగిలించుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

పాట ఆగాక చూస్తే అమ్మ ఇంకా చాప మీదే వెల్లకిలా పడి ఆయాసపడుతోంది. అక్కణ్ణుంచే గోడ వైపు కేకేసింది. "ఏమమ్మా డాక్టరూ! మా పిల్ల చేతులకి ఇవాళ ఎన్ని మార్కులు?"

డాక్టర్ మలియా చెవిలో పువ్వు ఊడిపోయి ఉంది, జుట్టంతా చెమటకి అంటుకుపోయి ఉంది. ఆవిడ కూడా గెంతిందని నాకు అప్పుడే అర్థమైంది. కళ్లు తుడుచుకుంటూ, "మార్కులు తర్వాత మామ్మగారూ," అంది. "ముందు ఇంతమందిలో జబ్బున్న పిల్ల ఎవరో నాకు చూపించండి."

వాయోలా కిరీటం తియ్యకుండానే వచ్చి అమ్మ పక్కన చతికిలబడింది. ఎగిరిపోయిన టోపీ తెచ్చి ఆమె తలమీద పెట్టింది.

"నీకు గెంతడం అస్సలు రాదు నాయనమ్మా," అంది. "అయినా సరే, ఇకనుంచి నా పక్కన నువ్వే గెంతాలి."